సోమలింగం దగ్గు

ఆసుపత్రి గదిలో హారతి అడుగు పెట్టీ పెట్టగానే మంచం మీది సోమలింగం దగ్గాడు.

పెద్ద దగ్గేం కాదు, గొంతు సవరించుకున్నంత. అయినా మత్తు డాక్టరు హారతి గుండె ఝల్లుమంది. జోల్వా మగ్గాల పేటలో మరమగ్గం మీద అటూ ఇటూ నూలు లాగే నాడె ఎగిరొచ్చి తగిలి, ఆయన కుడి కనుగుడ్డు చీరింది. ఎడమ కంటికి ముందునుంచీ చూపు అంతంతమాత్రమే. ఈ పూటే ఆపరేషన్ చెయ్యాలి. కుట్లు పడేలోపు గట్టిగా దగ్గాడంటే ఉన్న ఒక్క మంచి కన్నూ పోతుంది.

స్టెతస్కోపు పెట్టి విన్నది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఎక్స్‌రేలోనూ మచ్చ లేదు. జలుబా, బీడీలా అని అడిగితే, "ఏం లేదు డాక్టరమ్మా, మంచిగనే ఉన్న" అన్నాడు. అంతలో నర్సు జిగ్నా ట్రేతో తలుపు తోసింది. మళ్లీ దగ్గు.

ఆయన భార్య పోశమ్మకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఇంట్లో రోజూ ఉండేదేనంది. భేస్తాన్ బస్తీలో రెండు గదుల ఇల్లు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. ఇరుకింట్లో మగ్గాల దుమ్ము కూడా తోడైందేమోనని హారతి లెక్కలు వేసుకుంది.

కంటి సర్జన్ రామమోహన్ గారైతే నవ్వేశారు. "పొద్దున అంతసేపు చూశాను. నా ముందు ఒక్కసారైనా దగ్గలేదమ్మా. నీ భయమే నీకు వినిపిస్తోంది."

హారతికి నవ్వు రాలేదు. అసలే మత్తుకు ముందు ఎక్కించే నొప్పి మందు ఫెంటానిల్ వేగంగా పోతే, ఏ జబ్బూ లేనివాళ్లు కూడా ఖళ్లుఖళ్లుమంటారు. పోనీ మానేద్దామంటే, అది లేకుండా గొంతులో గొట్టం వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. దగ్గు రాకుండా ముందు లిగ్నోకెయిన్ ఇచ్చి, ఆపైన ఫెంటానిల్‌ని పలచన చేసి నిదానంగా ఎక్కించాలని నిశ్చయించుకుంది.

స్ట్రెచర్ థియేటర్ గుమ్మం దాటుతుండగా సోమలింగం మళ్లీ దగ్గాడు. ఆయనకు ధైర్యం చెబితే తనకూ కాస్త వస్తుందేమోనని హారతి ఆయన చెయ్యి పట్టుకుని వంగింది.

"నన్ను పరాయిదాన్ననుకోకండి నాయనా. మీ బిడ్డనే అనుకోండి."

సోమలింగం మసక కంటితో ఆమె మొహం వెతుక్కున్నాడు. "సరే బిడ్డా" అన్నాడు.

లిగ్నోకెయిన్ వెళ్లింది. వెనకాలే ఫెంటానిల్, మెల్లమెల్లగా. హారతి ఊపిరి బిగబట్టి ఆయన గొంతు వంకే చూసింది. దగ్గు రాలేదు. మత్తు, గొట్టం, కుట్లు, అన్నీ సాఫీగా జరిగిపోయాయి. కన్ను దక్కింది.

మర్నాడు ఆమె గదిలోకి వెళ్లినా సోమలింగం దగ్గలేదు. ఇక హారతి ఆనందానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఏ మందు ముందిచ్చిందీ, ఏది ఎంత నిదానంగా ఎక్కించిందీ పోశమ్మకు పూసగుచ్చినట్టు చెప్పింది. పోశమ్మ బుద్ధిగా తలూపుతూ విన్నది.

అప్పుడే జిగ్నా ట్రేతో వచ్చింది. సోమలింగం దగ్గాడు.

హారతి మొహం వాడిపోయింది. "మళ్లీ మొదలైందా?"

పోశమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అది రోగం గాదమ్మా. ఇరుకు ఇల్లాయె, కోడండ్లు జర కొంగు సదురుకోవాలె గద. గందుకే ఇంట్ల దగ్గుకుంట వస్తడు. గదే అలవాటుకు పరాయి ఆడోళ్లు కనవడితె గూడ దగ్గుతడు."

"మరి నిన్న థియేటర్లోకి వెళ్లిన దగ్గర్నుంచి నన్ను చూసి దగ్గలేదేం?"

ఈసారి సోమలింగమే జవాబిచ్చాడు.

"బిడ్డ ముందట ఎవరన్న దగ్గుతరా?"