పదకొండు స్క్రూలు

నిచ్చెన చప్పుడైతే మావిస్ బయటికొచ్చి చూసింది. ఎవరో ముసలాయన ఆమె ఇంటిబండి కప్పు మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

బూట్లు కింద విప్పి పెట్టాడు. కాళ్లకు మేజోళ్లున్నాయి.

"ఏమయ్యా పెద్దమనిషీ! ఎవర్నడిగి ఎక్కారు?"

"తలుపు కొట్టానమ్మా, మీరు పలకలేదు. నా పేరు ఓరిన్ స్టట్జ్‌మన్. పక్క వరసలో దిగాను."

ఆయనకు గడ్డం ఉంది, మీసం లేదు. పక్క వరసలో ఆగిన పాత ట్రక్కుకు ఇండియానా నంబరు ఉంది.

అరిజోనా ఎడారిలోని ఆ మైదానం చలికాలమంతా ఇంటిబండ్లతో కిటకిటలాడుతుంది. వచ్చేవాళ్లలో చాలామందికి వెనక ఊళ్లో సొంత ఇల్లుంటుంది. మావిస్‌కు లేదు. ఉన్న ఇల్లు అమ్మేసి, ఇరవై రెండేళ్ల నాటి ఈ పాత బండి కొనుక్కుంది. పడకా, పొయ్యీ, తలదాచుకునే చోటూ అన్నీ అదే. అది కారితే ఆమె గతి ఏమిటో ఆమెకే తెలియదు. అందుకే తలచుకుంటే భయంగా ఉండేది.

ఆ భయంతోనే ఆవేళ పూత వేయడానికి సిద్ధపడింది. కప్పు మీద పరిచిన రబ్బరు పొరను సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టింది. తెల్లపూత డబ్బాలు, రోలరు నిచ్చెన పక్కనే ఉన్నాయి.

"ఇప్పుడే పూత వెయ్యకండమ్మా" అన్నాడు ఓరిన్. "ముందు మూలన రబ్బరు కింద పలక ఉంది చూశారూ, దానికి స్క్రూలు లేవు. ఒట్టి జిగురు మీద నిలబడింది. బండి కదిలినప్పుడల్లా ఆడుతుంది. అది ఆడినంతకాలం పైన ఎంత పూసినా అతుకు విడిపోతుంది."

"రబ్బరు ఎత్తకుండానే కనిపించిందా? మీ కళ్లలో ఎక్స్‌రే మిషనేమైనా ఉందా?"

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు.

"తలుపు పక్క రేకు మీద తయారీ నంబరు చూశాను. ఇది శుక్రవారం బండమ్మా."

"అంటే?"

"ఫ్యాక్టరీలో రోజుకిన్ని బండ్లని లెక్క. అవి అయిపోతే ఇంటికెళ్లిపోవచ్చు. శుక్రవారం మధ్యాహ్నం ఎవడి మనసూ పని మీదుండదు. నాకు రెండు రోజులివ్వండి. రబ్బరు ఎత్తి, పలక బిగించి, మళ్లీ అతికిస్తాను. డబ్బులొద్దు."

ఆ చివరి మాట దగ్గరే మావిస్‌కు అనుమానం తగిలింది.

పక్క బండి రోండా అప్పటికే కాఫీ మగ్గుతో వచ్చి నిలబడింది. ఎవరి గొడవైనా రోండా లేకుండా మొదలుకాదు.

"డబ్బులొద్దంటున్నాడా? అయితే ఇంకా జాగ్రత్త మావిస్" అంది చెవిలో. "ఒక్కసారి రబ్బరు చింపాడా, నువ్వు వాడి చేతిలో చిక్కినట్టే. నిన్న మన వరసంతా తిరిగాడే బాబూ! బండ్ల నంబర్లు చూడటం, చిన్న పుస్తకంలో ఏవో కొట్టేసుకోవడం. అవేం చూపులో!"

మావిస్ నడుం మీద చేతులు వేసుకుంది.

"పెద్దాయనా, ఇక దిగండి. ఈ డబ్బా మీద పదేళ్ల గ్యారంటీ అని రాసుంది. మిమ్మల్ని నమ్మమని ఎక్కడ రాసుంది?"

ఓరిన్ ఏదో చెప్పబోయాడు. ఒకసారి ఆ ముందు మూల వైపు చూసి, ఆగిపోయాడు.

"నిజమేనమ్మా" అని దిగాడు. బూట్లు తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

మావిస్ ఆ రోజు ఒక పూత, మర్నాడు ఇంకో పూత వేసింది. కప్పు కొత్త పింగాణీ పళ్లెంలా తళతళలాడింది.

మూడో రోజు పొద్దున ఓరిన్ ట్రక్కు లేదు. మావిస్ గుమ్మం మెట్టు మీద ఒక కాగితం సంచి ఉంది. అందులో పొడవాటి స్క్రూలున్నాయి. లెక్కపెడితే పదకొండు.

"పన్నెండోది ఆయన బుర్రలో లూజై ఉంటుంది" అంది రోండా.

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

పనికొచ్చే వస్తువు పారేయడం మావిస్‌కు చేతకాదు. వాటిని పొయ్యి పైన వరసగా బిగించి, కాఫీ మగ్గులు తగిలించుకుంది.

జనవరిలో ఆమె బండి వేసుకుని గతుకుల దారుల్లో ఊళ్లు తిరిగొచ్చింది. ఫిబ్రవరిలో ఎడారిలో ఎన్నడూ లేనంత ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. రెండో రాత్రికి తలగడ తడిసింది. నాలుగో రోజుకి ముందు గోడ నాని ఉబ్బి, మూల పడక మీదికి వంగింది.

వాన వెలిశాక రోండా మొగుడు లాయల్ కింద నుంచి గోడ నొక్కి చూశాడు. ఆయన ఒకప్పుడు వడ్రంగి.

"లోపల చెక్కంతా పుచ్చిపోయింది మావిస్. ముందు సగం ఊడదీసి మళ్లీ కట్టాలి. అంత చేసినా ఈ బండి నిలుస్తుందని నేను చెప్పలేను. మొదట్లోనే ఆ మూల బిగించి ఉంటే రెండు రోజుల పని."

రెండు రోజులు అన్న మాట వినగానే మావిస్‌కు ఓరిన్ గుర్తొచ్చాడు.

కత్తి తీసుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది. ఎక్కేముందు బూట్లు విప్పింది.

తెల్లపూతతో సహా రబ్బరు కోసి ఎత్తింది. కింద పలక నల్లగా, చేత్తో తుంచితే తునిగేలా ఉంది. దాని అంచు వెంట స్క్రూలు పడాల్సిన చోట్ల పెన్సిలు చుక్కలున్నాయి. ఒక్కచోటా స్క్రూ లేదు.

వెనకే ఎక్కిన రోండా వేలితో లెక్కపెట్టింది. సరిగ్గా పదకొండు.

పక్క పలక మాత్రం పొడిగా ఉంది. దాని మీద ఏదో రాత కనిపిస్తే మావిస్ రబ్బరును ఇంకాస్త వెనక్కి లాగింది.

"రబ్బరు పరిచేముందు కింద పేరు రాసిపెడతారు, అది ఫ్యాక్టరీవాళ్ల అలవాటు" అన్నాడు లాయల్ కింద నుంచి. "ఏమని ఉంది?"

మావిస్ వంగి చదివింది.

ఇరవై రెండేళ్లయినా చెరగని పెన్సిలు రాతలో "శుక్రవారం. కప్పు వేసినవాడు ఓరిన్ స్టట్జ్‌మన్" అని ఉంది.