మలుపు దగ్గరి స్టేషన్

నాలుగో స్టేషన్ కూడా పనికిరాలేదు.

మొదటిదాంట్లో ఎటు చూసినా స్తంభాలే అడ్డం. రెండోదాంట్లో కాలు మోపే చోటు లేదు. మూడోదాంట్లో వచ్చిన ప్రతి రైలూ ఆగింది. ఆగే రైలంటే తమ్ముడికి గిట్టదు. రైలంటే దూసుకుపోవాలి. ఇక్కడేమో ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది.

"అక్కా, రైలు కనబడట్లేదు," అన్నాడు తమ్ముడు, నుదుటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని.

వాడికి ముప్పై రెండేళ్ళు. మనసు మాత్రం ఏడో ఏట ఆగిపోయింది. అక్క కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. వారానికి ఒక్క పూట సెలవు. ఆ పూట వాడిది.

ఇంకాస్సేపు ఇక్కడే ఉంటే నేలమీద చతికిలబడి ఏడుపు మొదలెడతాడని ఆమెకు తెలుసు. పోయినవారం అదే జరిగింది. జనం చుట్టూ చేరి వినోదం చూశారు.

పక్కన నిలబడిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. పెళ్ళికి బయల్దేరినట్టు ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం. చేతిలో సంచీ కూడా లేదు.

"రైళ్ళు చూడ్డానికే అయితే ఇది దండగ స్టేషనమ్మా. ఇంకో రెండు స్టేషన్లు పోవాలి. నేనూ అక్కడికే, రండి."

"అక్కడ బాగుంటుందని మీకెలా తెలుసు?"

"రెండ్రోజులు ఈ లైనంతా తిరిగి వెతికి పట్టుకున్నా. అక్కడ నాలుగు లైన్లు. మధ్య రెండింటి మీద పోయే బళ్ళు ఆగవు. అవతల మలుపుంది, బండి తల నుంచి తోక దాకా కనబడుతుంది. ఎండ వీపు మీద పడుతుంది. కూర్చోడానికి బెంచీ ఉంది. ఇంకేం కావాలి?"

అక్క తటపటాయించింది. తమ్ముడు అప్పటికే ఆయన వెనకాల నడుస్తున్నాడు.

రెండు స్టేషన్లు దాటి దిగి చూస్తే, ఆయన చెప్పినదాంట్లో పొల్లు లేదు. ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో తమ్ముడు.

మలుపు తిరిగి రైలు వచ్చింది. బెంచీ దగ్గరికి రాగానే పొడుగ్గా ఒక కూత కూసి, గాలిని చీల్చుకుంటూ పోయింది.

తమ్ముడు గంతేశాడు. "తాతా, కూసింది."

"నీకే బాబూ. నువ్వొచ్చావని తెలిసిపోయింది."

"నాకా?"

"మరి ఇక్కడ ఇంత బాగా చూసేవాడు ఇంకెవడున్నాడు?"

రెండో రైలూ కూసింది. మూడో రైలు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు కూడా.

"అక్కా, డ్రైవరు నాకు చెయ్యూపాడు." తమ్ముడి మొహం చేటంతయింది.

కాస్త దూరంలో నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

అక్కకు పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి వీధిలోవాళ్ళు 'నిన్ను పోలీసును చేశారు' అని నమ్మించి, వీణ్ణి రోజంతా ఎండలో వీధి మొగన నిలబెట్టారు. సాయంత్రం దాకా నవ్వుకున్నారు.

ఆమె లేచి, పెద్దాయన పక్కకు వెళ్ళి గొంతు తగ్గించింది.

"ఒక్క మాట. రైళ్ళు మనలాంటివాళ్ళ కోసం కూయవు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడికి తెలీదు. నమ్మేవాడు దొరికాడు కదా అని ఆడుకోకండి."

"ఆడుకోవట్లేదమ్మా."

"మీకిది కాలక్షేపం. రేపు ఇంకో స్టేషన్లో రైలు కూయకపోతే వాణ్ణి సముదాయించాల్సింది నేను. దయచేసి వేరే బెంచీ చూసుకోండి."

ఆ ప్లాట్‌ఫారం మీద ఉన్నది ఒక్కటే బెంచీ.

పెద్దాయన ఒకసారి మలుపు వైపు చూశాడు.

"తప్పు నాదేలే తల్లీ. ముందు నిన్ను అడగాల్సింది."

లేచి, తమ్ముడి భుజం తట్టాడు. "సాయంత్రం దాకా కూస్తూనే ఉంటాయి బాబూ. అన్నీ నీకే. చెయ్యి ఊపడం మర్చిపోకు."

"చెప్పినా మళ్ళీ అదే మాట," అని అక్క పళ్ళు నూరింది.

ఆయన నెమ్మదిగా వంతెన ఎక్కి దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగిన రైల్లో ఎక్కాడు. వెనక్కి చూడలేదు.

మరుసటి రైలు వచ్చింది. కూసింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగాడు. బెంచీ వైపు చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే కిందికి జారింది.

అది ఎవరినో వెతుకుతున్న మొహమని అక్కకు అర్థమైంది.

అంతలో స్టేషన్ మాస్టరు గబగబా వచ్చాడు.

"అమ్మా, ఈ బెంచీ మీద ఒక పెద్దాయన ఉండాలి, ఏరి?"

"వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోయారా? అదేంటి, ఇంకా పదిహేడు బళ్ళు రావాల్సి ఉంటే?"

"బళ్ళు వస్తే ఆయనకేంటండీ?"

స్టేషన్ మాస్టరు ఖాళీ బెంచీ వంక చూశాడు. మలుపు అవతల కూత వినబడింది. తమ్ముడు లేచి నిలబడి చెయ్యెత్తాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ లైన్లో డ్రైవర్లందరికీ పని నేర్పింది ఆయనేనమ్మా, ఇవాళ్టితో రిటైరు. సభలూ సన్మానాలూ వద్దు, నా శిష్యులు బండి నడుపుతుంటే ఒక్క మధ్యాహ్నం కూర్చుని చూసుకుంటానన్నారని, ఒక్కొక్కడూ ఇక్కడికి రాగానే ఆయన కోసం కూత వేస్తున్నాడు."