బూడిద దారి

చౌడమ్మ కంప్యూటర్ తెరను ఫోనుతో ఫోటో తీస్తోంది. తన గది తలుపు సందులోంచి అది చూసి ఉమామహేశ్వర అక్కడే ఆగిపోయాడు.

కడపలోని ఆ కాలేజీలో అతను గణితం చెబుతాడు. ఆమె గదులు ఊడుస్తుంది. నాలుగేళ్లలో ఏనాడూ ఆ తెర వైపు కన్నెత్తి చూసిన మనిషి కాదు.

మొన్న ఆఫ్రికాలో ఒక అగ్నిపర్వతం బద్దలైంది. బూడిద ఎంత ఎత్తుకు ఎగిసింది, ఆ ఎత్తులో గాలి ఎటు వీస్తోంది, రేణువులు ఎంత వేగంగా కిందికి దిగుతాయి, అన్నీ సమీకరణాల్లో పెట్టి, ఆ మేఘం ఏ వేళకు ఎక్కడుంటుందో అతను లెక్క కడుతున్నాడు. ఆ పద్ధతి వెనుక ఆరేళ్ల కష్టం ఉంది. నిరుడు అతని పద్ధతే ఒకటి కర్నూలులో ఉండే అరుణ్ కుమార్ పేరుతో అచ్చయింది. ఎవరు అందించారో ఈనాటికీ తేలలేదు.

ఇప్పుడు తేలినట్టే ఉంది.

పొద్దున్నుంచి ఆమె మూడుసార్లు అడిగింది.

"సార్, ఆ బూడిద యాడికొచ్చిండాది?"

"నీకెందుకు?"

"ఊరికే సార్."

ఊరికే అడిగే మనిషి మూడుసార్లు ఎందుకు అడగాలి?

అతను తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చౌడమ్మ ఉలిక్కిపడి ఫోను కొంగు చాటుకు లాక్కుంది.

"ఎవరికి పంపుతాండావు? నిజం చెప్పు."

"మా కూతురికి సార్." ఆమె తల దించుకుంది. "మా అల్లుడు రేపు పొద్దున కువైట్ నుంచి వస్తాండాడు, మూడేండ్ల తర్వాత. బూడిద అడ్డమొస్తే విమానాలు ఆపేస్తారంట కదా. దానికే చూస్తాండా."

ఉమామహేశ్వరకు తల కొట్టేసినట్టయింది. ఎంత మాట అనబోయాడు! ఆమెను కూర్చోబెట్టి, ఉపగ్రహం నుంచి అప్పుడే వచ్చిన అంకెలు ఎక్కించి, లెక్క మళ్లీ నడిపాడు. అరగంటకు తెర మీది నల్లటి మరక విమానాల దారి వదిలి, దక్షిణంగా నడిసముద్రం మీదికి జరిగింది.

"దిగులు పడాకు చౌడమ్మా. మీ అల్లుడి విమానం టయానికే దిగుతాది."

"లెక్క తప్పదా సార్?"

"తప్పదు."

"ఇంకొక్క తూరి చూడండి సార్."

చూశాడు. అదే జవాబు.

ఆమె చీపురు కూడా మరిచి గబగబా లేచింది. సంతోషం అలాంటిదే అనుకున్నాడు అతను.

చౌడమ్మ వరండాలోకి పోయి, గొంతు తగ్గించి, ఫోనులో కూతురికి చెప్పింది: "అమ్మీ, విమానం ఆగేట్టు లేదు, వాడు గడప తొక్కి మళ్లా నిన్ను కొట్టేలోగా బిడ్డనెత్తుకోని ఆ ఇంట్లోనుంచి వచ్చెయ్."