పామిడి వాల్వు

2003 వేసవిలో అనంతపురం నీటి పథకం ఆఫీసు కంప్యూటరులో పామిడి పంపుహౌసు సందేశాలు నమోదు కావడం ఆగిపోయింది. అక్కడ ఏ వాల్వు తెరిచారో, ఏది మూశారో చెప్పేవి ఆ సందేశాలే. ఊళ్ళకు నీళ్ళు రావడం లేదని జనం ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు.

ఆఫీసులో కంప్యూటరు పని చూసే సుజాతకు పామిడి ఆపరేటరు తండ్రే. "మా నాయన నీళ్ళు ఆపే మనిషి కాదు" అని ఆమె వాళ్ళకు చెప్పి, కంప్యూటరు ముందు కూర్చుంది.

సందేశాలను నమోదు చేసే లాగ్ సర్వీసు నడుస్తూనే ఉంది. పామిడి సందేశాలు కంప్యూటరు దాకా వస్తూనే ఉన్నాయి. చివరికి ఆ సర్వీసు సెట్టింగుల ఫైలు తెరిచింది. పామిడి నుంచి ఏది వచ్చినా పారేయమని అందులో ఒక వరుస రాసి ఉంది.

ఆమె కాక ఆ ఫైలు మార్చే పాస్‌వర్డు తెలిసిన మనిషి, పక్క బల్ల దగ్గరుండే రాఘవేంద్ర ఒక్కడే. ఆమెకు ఈ పని నేర్పింది అతనే.

"అన్నా, ఇది నువ్వు రాసినావా?"

"రాసినా."

"ఎందుకు? మా నాయన మీద నింద ఎయ్యనీకా?"

"మీ నాయనే అడిగినాడు సుజాతా. ఊళ్ళ వాల్వు మూసి తోటలకు నీళ్ళు ఇడుస్తాండాడు. బయటపడకుండా చూడమని నా చేతులు పట్టుకున్నాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

సుజాత ఆ వరుస చెరిపి, సర్వీసును మళ్ళీ మొదలుపెట్టింది. ఊళ్ళ వాల్వు మూసి ఉందని పామిడి సందేశం నమోదైంది. దాన్ని ప్రింటు తీసింది.

"పెద్దసారుకు చూపించొద్దు. మీ నాయన పని పోతాది" అన్నాడు రాఘవేంద్ర.

"మా నాయన వాల్వు మూసినప్పుడే ఆ పని పోయిందన్నా" అని ఆమె ఆ కాగితం తీసుకుని లేచింది.