మేకలాయన

"ఈ కూర అమ్మకమ్మా, నీకు దండం పెడతాను!"

పొద్దున్నే, బేరాల వేళ ఆ మాట వినేసరికి కూరలామెకు ఒళ్లు మండింది.

పెద్ద రోడ్డుకీ తన ఇంటికీ మధ్య ఉన్న జానెడు నేలలో పండించుకుంటున్న పాలకూర అది.

ఎక్కడో చూసినట్టున్న ఆ మనిషి గుప్పిట విప్పాడు. ముడుచుకుపోయిన గొంగళిపురుగులు.

"నీ మడిలోవే. పరీక్ష చేయించాను. బళ్ల పొగ, టైర్ల పొడి అన్నీ నీ నేలలోకే దిగుతున్నాయి. ఆకులో సీసమనే విషం. ఆకు తిన్న పురుగులోనూ సీసమే."

"పురుగు బతకని కూరంటే జనం ఎగబడి కొంటారు. నువ్వు దారి చూసుకో!" అంటూ కూర మీద చల్లే నీళ్లు అతని మొహాన కొట్టింది.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. వాదించలేదు. సంచి చాపాడు.

"ఉన్నదంతా ఇవ్వు."

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

"ఏంటన్నా, మేకల్ని పెంచుతున్నావా?"

"ఆఁ" అని తలూపి, సంచి భుజాన వేసుకునేవాడు.

అప్పట్నించీ అతను మేకలాయన అయిపోయాడు. గంప ఖాళీ అయితే ఆమెకింకేం కావాలి? గడప దాకా నేల తవ్వి ఇంకాస్త విత్తనం చల్లింది.

వానలు మొదలయ్యాక మేకలాయన రావడం మానేశాడు.

పాత బేరాలన్నీ ఎప్పుడో వేరే గంపలకు మళ్లిపోయాయి. మిగిలిన కూర పారేయడానికి చేతులు రాక ఇంట్లో వండేది.

నెలలు నిండుతున్న కూతురు "ఇంకాస్త వెయ్యవే అమ్మా" అని అడిగి మరీ తినేది.

ఒక ఉదయం గంప ముందు ఓ అమ్మాయి వచ్చి నిలబడింది. చంకలో నాలుగైదేళ్ల పిల్లాడు. పలకరిస్తే పలకడు, చూపు ఎక్కడో.

"ఉన్నదంతా ఇవ్వక్కా."

కూరలామె చెయ్యి ఆగిపోయింది.

"మేకలాయన భార్యవా? ఆయనేడమ్మా?"

"గుండె ఆగి పోయారక్కా. ఇక నేనొస్తాను."

"అయ్యో! మరి మేకలో?"

"మాకు మేకల్లేవు. తెచ్చిందంతా గొయ్యి తీసి పూడ్చేవారు."

కూరలామెకు కూతురి కంచం కళ్లముందు మెదిలింది.

"ముక్కూమొహం ఎరగని జనం కోసం ఆయనకెందుకమ్మా అంత పాటు?"

ఆ అమ్మాయి పిల్లాడి తల నిమిరింది.

"వీడు నా కడుపులో ఉన్నప్పుడు, ఆకుకూర మంచిదని రోజూ నీ గంపలోంచే కొనుక్కొచ్చి, వద్దన్నా బతిమాలి తినిపించింది ఆయనే అక్కా."