బిడ్డ అలిగింది

ఆ కాలంలో కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషి చేతికీ మాట్లాడే గాజు ఉండేది. కురుపాం కొండల్లో, నెలలు నిండుతున్న సన్యాసమ్మను అది రోజూ పలకరించేది. ఒకనాడు చోళ్లు చెరుగుతూ ఆమె, "రేతిరి నుంచి బిడ్డ అలిగిపోనాదే" అంది.

"అలిగిందంటే కదలడం లేదా? చేట దించి పడుకో తల్లీ, బండిని పిలుస్తున్నాను" అంది గాజు.

ఎగిరే బండి ఆమెను ఆసుపత్రిలో దించింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

"మా మాట నీకెవులు నేర్పినారే?" అని సన్యాసమ్మ గాజును అడిగింది.

"పక్క ఊరి గైరమ్మ. ఆమె చేతి గాజులోనూ మాట్లాడింది నేనే. బిడ్డ అలిగిందని ఆమె అన్ననాడు నాకు అర్థం కాలేదు. తన బిడ్డ పోయాక, మీ తల్లుల మాటలన్నీ ఓపిగ్గా నేర్పింది."

ఒళ్లు తేరుకోగానే సన్యాసమ్మ గైరమ్మ ఇంటికి వెళ్లి, పసిదాన్ని ఆమె ఒడిలో పెట్టింది.

"నీ మాటే దీన్ని బతికించినాది అప్పా. పేరు కూడా నువ్వే ఎట్టు."