పికరింగ్ పిలుపు

జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్లిన విమానాలన్నీ ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ స్థావరానికి తిరిగొచ్చాయి, ఒక్క పైలట్ పికరింగ్ విమానం తప్ప. అందులో అతనితోపాటు మరో ఆరుగురున్నారు.

"ఎక్కడో దిగి దాక్కునుంటాడు, పిరికి వెధవ," అన్నాడు కమాండర్ బ్రాడ్‌వెల్, టీ చప్పరిస్తూ.

కంట్రోల్ టవర్‌లో రేడియో ముందు కూర్చున్న మ్యూరియల్‌కు ఒళ్లు మండింది. ఇంజన్ బాగాలేదని పికరింగ్ మొత్తుకున్నా వినకుండా పంపింది ఈయనే. ఈయన మాత్రం చలికాలం మొదలయ్యాక ఒక్కసారీ విమానమెక్కలేదు.

తెల్లవారుజామున రేడియో గరగరమంది. పికరింగ్ విమానంలో పెట్రోలు అప్పటికి ఎప్పుడో అయిపోయి ఉండాలి.

"మ్యూరియల్, మేమే. దిగమంటావా?"

పికరింగ్ గొంతే. దాని వెనక ఇంజన్ల చప్పుడు లేదు, గాలి హోరూ లేదు.

"దిగండి," అంది ఆమె.

"కమాండర్ గారున్నారా? ఈసారి ఆయన్నీ తీసుకెళదామనుకుంటున్నాం."

బ్రాడ్‌వెల్ కప్పు పక్కన పెట్టేశాడు. "లేనని చెప్పమ్మాయ్!" అన్నాడు గుసగుసగా.

కాలికంటిన పేడను చూసినట్టు ఆమె అతణ్ణి చూసింది. మైకు మీట నొక్కింది.

"ఉన్నారు. ఇక్కడే, నా పక్కనే ఉన్నారు."

రన్‌వే మీద ఏ విమానమూ దిగలేదు. టవర్ ఇనుప మెట్ల మీద మాత్రం బూట్ల చప్పుడు మొదలైంది. తొందరేమీ లేనట్టు, ఒకరి వెనక ఒకరు.